కుక్కలలో నట్టల నివారణ: ఇంటి చిట్కాలకు హద్దు ఎక్కడ?

జూలై 6 ప్రపంచ జూనోసిస్ దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో పత్తి, మిరప ప్రధానమైన పంటలు. ఆరబోసిన మిరప కళ్లాల వద్ద రాత్రి కాపలాకు, పత్తి తీతలు ముగిసిన చేలలో దిగే గొర్రెల మందలకు, ఊరి చివర పశువుల కొష్టాలకు కుక్క నమ్మకమైన తోడుగా ఉంటూ వచ్చినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఈ మైదానంలో కొంత భాగం పల్నాడు, బాపట్ల జిల్లాలలో చేరినది. పాలనాపరమైన సరిహద్దులు మారినప్పటికీ రైతు కుటుంబం, గొర్రెల మంద, కాపలా కుక్క ఒకే ఆవరణలో కలిసి మెలసి జీవించే తీరు మాత్రం మారలేదు.

ఈ సహజీవనంలో అంతగా పట్టించుకోని ప్రమాదం ఒకటి దాగి ఉన్నది. కుక్క ప్రేగులలో పెరిగే నట్టలు, అనగా నులిపురుగులు, కుక్కను మాత్రమే పీడించి ఊరుకోవు. వాటిలో కొన్ని ఇంటిలోని పిల్లలకు, మరికొన్ని మందలోని జీవాలకు సంక్రమిస్తాయి. వీటిని వదలగొట్టడానికి వేపాకు, వెల్లుల్లి, గుమ్మడి గింజలు, వక్కపొడి వంటి చిట్కాలు గ్రామాలలోనే గాక పత్రికల శీర్షికలలోను, సెల్‌ఫోను సందేశాలలోను తరచుగా కనిపిస్తున్నవి. సదుద్దేశంతో చెప్పబడే ఈ చిట్కాలలో ఏవి నిరపాయకరమైనవి, ఏవి హాని చేస్తాయి, అసలు ఇంటివారు స్వయంగా చేయగలిగినది ఏమిటి అన్న విషయాలను అధికారులు, పాత్రికేయులు తెలుసుకొని ప్రజలకు తెలియజేయవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1885 జూలై 6న పిచ్చికుక్క కాటుకు గురియైన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలునికి రేబిస్ టీకా ఇప్పించిన సందర్భాన్ని పురస్కరించుకొని ఏటా ఈ దినోత్సవం జరుపబడుతున్నది. ఆ రోజున పశువైద్యశాలలలో పెంపుడు కుక్కలకు టీకాలు వేయడం మన రాష్ట్రంలో ఆనవాయితీగా వస్తున్నది. టీకా కోసం కుక్కను తెచ్చిన యజమాని నట్టల మందు సంగతి కూడా అడిగి వెళ్లినట్లయితే ఒక్క రాకతో రెండు పనులు నెరవేరుతాయి.

కుక్కలలో కనిపించే నట్టలు

కుక్క ప్రేగులలో ప్రధానంగా నాలుగు రకాల పురుగులు ఉంటాయి. అవి ఏలిక పాములు, కొంకి పురుగులు, కొరడా పురుగులు, బద్దె పురుగులు. వీటి జీవనక్రమం వేర్వేరు గనుక ఒకదానికి పనిచేసే మందు మరొకదానికి పనిచేయకపోవచ్చును.

ఏలిక పాములు కుక్కపిల్లలకు పుట్టుకతోనే సంక్రమిస్తాయి. తల్లి కండరాలలో నిద్రాణంగా ఉన్న లార్వాలు చూలు సమయంలో మేల్కొని, మాయ ద్వారా గర్భంలోని పిల్లలను చేరుతాయి. పుట్టిన తరువాత పాల ద్వారా కూడా కొన్ని చేరుతాయి. అందుచేతనే మూడు వారాల వయస్సు వచ్చేసరికే పిల్లల ప్రేగులలో పెద్ద పురుగులు తయారై గుడ్లు పెట్టడం ప్రారంభిస్తాయి. కుండవలె ఉబ్బిన పొట్ట, పెరుగుదల లేకపోవడం, వాంతులలో తెల్లని పొడవాటి పురుగులు పడడం దీని లక్షణాలు. మలంతో బయటపడిన గుడ్లు రెండు నుంచి నాలుగు వారాలలో సోకే దశకు వచ్చి, తేమ గల నేలలో సంవత్సరాల తరబడి నిలిచి ఉంటాయి.

కొంకి పురుగులు ప్రేగు గోడకు కరచుకొని రక్తం పీలుస్తాయి. ఇవి సోకిన పిల్లల చిగుళ్లు పాలిపోతాయి, మలం తారువలె నల్లగా ఉంటుంది. చికిత్స ఆలస్యమైనచో రక్తహీనతతో మరణిస్తాయి. వీటి లార్వాలు తడి, నీడ గల మట్టిలో పెరిగి చర్మం గుండా శరీరంలోకి ప్రవేశిస్తాయి. ఎండకు బీటలు వారిన రేగడిలో ఇవి ఎక్కువ కాలం బ్రతకవు. వర్షాకాలంలోను, కాలువ గట్లపైన, కుళాయిల చుట్టూ ఉండే చిత్తడి నేలలలోను, తీరప్రాంతపు ఇసుక నేలలలోను ముప్పు ఎక్కువ. కొరడా పురుగులు పెద్ద ప్రేగులో ఉండి విడవని విరేచనాలకు కారణమవుతాయి.

బద్దె పురుగులలో అందరి కంటా పడేది ఒకటి ఉన్నది. దాని ముక్కలు దోసగింజలవలె, ఆరినప్పుడు బియ్యపు గింజలవలె కుక్క తోక క్రింద, పడుకున్న చోట కనిపిస్తాయి. బొచ్చులో గెంతుతూ తిరిగే, ఫ్లీ అని పిలువబడే చిన్న పురుగును కుక్క కొరికి మ్రింగినప్పుడు ఇది సోకుతుంది. కనుక ఫ్లీ పురుగులను అరికట్టకుండా ఎన్నిసార్లు మందు వేసినను ఈ నట్ట తిరిగి వస్తూనే ఉంటుంది.

కంటికి కనిపించని అసలు ముప్పు

మనిషికి అత్యంత ప్రమాదకరమైన బద్దె పురుగు మాత్రం యజమాని కంటికి కనిపించదు. ఎకైనోకోకస్ గ్రాన్యులోసస్ అనే ఈ పురుగు పొడవు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. కుక్క ప్రేగులో వందలు, వేల సంఖ్యలో ఉన్నప్పటికీ కుక్క ఆరోగ్యంగానే కనిపిస్తుంది. దాని మలంతో వెలువడే గుడ్లు గడ్డి ద్వారా గొర్రెలకు, మేకలకు, పశువులకు చేరి, వాటి కార్జం, ఊపిరితిత్తులలో నీటితిత్తులుగా పెరుగుతాయి. ఆ తిత్తులు గల అవయవాలను పచ్చిగా తిన్న కుక్కలో మరల పురుగులు పెరుగుతాయి. ఈ వలయం మధ్యలో మనిషి చిక్కుకుంటాడు. కుక్కను నిమిరిన చేతులతో అన్నం తిన్నప్పుడు, కడగని ఆకుకూరలు తిన్నప్పుడు గుడ్లు కడుపులోకి చేరి కార్జంలోనో, ఊపిరితిత్తులలోనో హైడాటిడ్ తిత్తిగా మారతాయి. తిత్తి సంవత్సరాల తరబడి నెమ్మదిగా పెరిగి, పెద్దదైన తరువాత గాని బయటపడదు. శస్త్రచికిత్సో, నెలల తరబడి మందులో అవసరమవుతాయి. తిత్తి లోపలే పగిలినచో ప్రాణాపాయం సంభవించవచ్చును.

ప్రపంచంలో ఏ సమయంలోనైనా పది లక్షల మందికి పైగా ఎకైనోకోకస్ సంబంధమైన వ్యాధులతో బాధపడుతుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. భారతదేశంలో ఈ వ్యాధి ఎక్కువగా నమోదవుతున్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, జమ్ము కాశ్మీరు ఉన్నట్లు వైద్య గ్రంథాలు తెలుపుతున్నవి. నెల్లూరు, మాచర్ల జాతుల గొర్రెలకు పేరు పొందిన ఈ ప్రాంతంలో, ఎరువు కోసం చేలలో మందలు కట్టించుకునే ఆచారం ఉన్న గ్రామాలలో, ఈ విషయం పట్ల ప్రత్యేక శ్రద్ధ అవసరమని వేరుగా చెప్పనక్కరలేదు.

గొర్రెల కాపరికి నేరుగా నష్టం కలిగించే మరొక బద్దె పురుగు కూడా ఉన్నది. దాని గుడ్లు సోకిన గొర్రె మెదడులో నీటితిత్తి ఏర్పడి, ఆ గొర్రె తల ఒక ప్రక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతూ, మేత మాని చనిపోతుంది. చనిపోయిన గొర్రె తలను కుక్కలకు వేసినచో వ్యాధిని తిరిగి మందకు తెచ్చుకున్నట్లే అవుతుంది.

పిల్లల విషయానికి వస్తే, ఏలిక పాముల గుడ్లు మట్టిలో ఆడుకునే పిల్లల నోటిలోకి చేరినప్పుడు లార్వాలు కార్జం, ఊపిరితిత్తులు, ఒక్కొక్కప్పుడు కంటిలోకి సైతం చేరి చూపుకు హాని కలిగిస్తాయి. కొంకి పురుగుల లార్వాలు పాదాల చర్మంలో ప్రవేశించి, దురదతో కూడిన వంకర గీతలవలె ప్రాకుతాయి. మిరప కోతల కాలంలో దూర ప్రాంతాల నుంచి పిల్లాపాపలతో వచ్చి చేల వద్ద పాకలలో బస చేసే కూలీలు, చెప్పులు లేకుండా పనిచేసేవారు ఈ ముప్పుకు మరింత దగ్గరగా ఉంటారు.

ఇంటి చిట్కాలు: నిజానిజాలు

గుమ్మడి గింజలు: వీటిలోని కుకుర్బిటిన్ అనే పదార్థానికి బద్దె పురుగులను స్తంభింపజేసే గుణం కొంత ఉన్నది. అనేక దేశాలలో పూర్వం నుంచి వీటిని వాడుతున్నారు. ఉప్పు లేని గింజల పొడిని కొద్దిగా ఆహారంలో కలిపినందువలన కుక్కకు హాని లేదు. ఐతే పురుగులు పూర్తిగా పోతాయన్న భరోసా కూడా లేదు.

బొప్పాయి గింజలు: వీటిలో పురుగులపై పనిచేసే ఘాటైన పదార్థం ఉన్నది. నైజీరియాలో పిల్లలకు తేనెతో కలిపి ఇచ్చి చూసినప్పుడు కొంత ఫలితం కనిపించినట్లు 2007లో ఒక అధ్యయనం ప్రచురితమైనది. ఐతే అది మనుషులలోని పురుగులకు సంబంధించినది. ఆ కొలతను కుక్కకు అన్వయించడానికి వీలులేదు.

వాయువిడంగాలు, మోదుగ గింజలు: ఆయుర్వేదంలో ఇవి క్రిమిహరములుగా ప్రసిద్ధి పొందినవి. శుద్ధి చేసే పద్ధతి, మోతాదు తెలిసిన వైద్యుని చేతిలోనే వాటికి విలువ. పచారీ కొట్టులో కొన్న పొడిని గుప్పెడు లెక్కన కుక్కకు పెట్టడం శాస్త్రీయ చికిత్స కాజాలదు.

వేపాకు, పసుపు: ప్రయోగశాలలో గాజు పళ్లెంలో పురుగును చంపడం వేరు, కుక్క ప్రేగులో ఉన్న పురుగును చంపడం వేరు. ఇంటిలో ముద్ద చేసి తినిపించే మోతాదులో ఇవి నట్టలను వదలగొడతాయని చెప్పడానికి తగిన ఆధారం లేదు. వేపాకు ముద్ద బలవంతంగా మ్రింగించినప్పుడు వాంతులు కావడం, ఆ వాంతిలో ఒకటి రెండు పురుగులు పడడం చూసి మందు పనిచేసినదని భావించడం పరిపాటి.

వెల్లుల్లి: మనిషికి మేలు చేసే వెల్లుల్లి, ఉల్లి కుక్కకు విషతుల్యములు. వీటిలోని గంధక పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కొంకి పురుగుల వలన ఇప్పటికే రక్తం కోల్పోయిన కుక్కపిల్లకు రోజూ వెల్లుల్లి రెబ్బలు పెట్టినచో, ఒక ప్రక్క పురుగు రక్తం పీలుస్తుండగా మరొక ప్రక్క మనమే మిగిలిన రక్తాన్ని విరుస్తున్నట్లవుతుంది. ఈ చిట్కాను పూర్తిగా మానివేయవలసి ఉన్నది.

ఆముదం: ఇది విరేచనకారి మాత్రమే గాని పురుగులను చంపదు. పసి పిల్లలకు పోసినచో శరీరంలోని నీరు పోయి నీరసించి చనిపోయే ప్రమాదం ఉన్నది.

చిట్కాల విషయంలో ప్రజలు మోసపోవడానికి ప్రధాన కారణం ఒకటి ఉన్నది. ఒకటి రెండు పురుగులు బయటపడగానే అన్నీ పోయినవనుకుంటారు. ప్రేగులలో మిగిలిన వాటి సంగతి మలపరీక్ష చేసి గుడ్లు ఉన్నవో లేవో చూస్తే గాని తెలియదు. ఎకైనోకోకస్ వంటి అతి చిన్న పురుగు బయటపడినా కంటికి ఆనదు. దాని గుడ్లు ఇతర బద్దె పురుగుల గుడ్లవలెనే ఉండడంతో మామూలు పరీక్షలోనూ గుర్తించడం కష్టం. అందుచేత మనిషికి అత్యధిక హాని చేసే నట్ట విషయంలో చిట్కా పనిచేసినదో లేదో తెలుసుకునే మార్గమే ఇంటివారికి లేదు.

వక్క నేర్పిన పాఠం

ప్రకృతి సిద్ధమైన మందులన్నీ వట్టివని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అందుకు వక్కయే నిదర్శనం. తాంబూలంలో మనం వాడే వక్కను ఆసియా దేశాలలో బద్దె పురుగులను పడగొట్టడానికి తరతరాలుగా వాడేవారు. అందులోని అరెకోలిన్ అనే సారాన్ని శాస్త్రవేత్తలు వేరుచేసిన తరువాత, 20వ శతాబ్ది మధ్యకాలంలో న్యూజిలాండ్ వంటి గొర్రెల దేశాలలో హైడాటిడ్ వ్యాధి నివారణకు కుక్కలకు దానినే ఇచ్చేవారు. అంటే ఒక ఇంటి చిట్కా ప్రభుత్వ కార్యక్రమంగా రూపొందినదన్నమాట.

ఐతే ఆ అనుభవమే దాని లోపాలనూ బయటపెట్టినది. అరెకోలిన్ పురుగును చంపదు, స్తంభింపజేసి విరేచనంతో వెళ్లగొడుతుంది. బయటపడిన పురుగులు, గుడ్లు శుభ్రం చేసేవారికి సోకే ప్రమాదం ఉన్నది. పనిచేసే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు మధ్య ఎడం చాలా తక్కువ. మోతాదు మించినచో చొంగ కార్చడం, వాంతులు, వణుకు, ఊపిరి అందకపోవడం సంభవిస్తాయి. చూలు కుక్కలకు, పిల్లలకు ఇవ్వడానికి వీలులేదు. అందువలననే 1970వ దశకంలో ప్రాజిక్వాంటెల్ అందుబాటులోకి వచ్చిన తరువాత క్రమేణా వక్క సారం ప్రక్కకు తప్పుకున్నది. ఒక్కొక్క వక్కలో సారం పాలు ఒక్కొక్క విధంగా ఉంటుంది గనుక ఇంటిలో దంచిన వక్కపొడితో సరైన మోతాదు నిర్ణయించడం ఎవరికీ సాధ్యం కాదు.

ప్రకృతి మందు, రసాయన మందు అన్న విభజన కూడా పైపైదే. నేడు విరివిగా వాడుతున్న ఐవర్‌మెక్టిన్‌కు మూలం జపాన్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి. ఆ పరిశోధనకు సతోషి ఒముర, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి లభించినది. భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాలలో వెలువడి, 1947లో లోకానికి తెలిసిన డైఈథైల్ కార్బమజీన్ బోదకాలు వ్యాధికి మందుగా ప్రసిద్ధి పొందినది. దానిని కుక్కలలో ఏలిక పాములకు కూడా వాడేవారు. మందు చెట్టు నుంచి వచ్చినదా, ప్రయోగశాల నుంచి వచ్చినదా అన్నది ముఖ్యం కాదు. ఏ పురుగుకు, ఎంత బరువుకు, ఎంత మోతాదు అన్న కొలత ఉన్నదా లేదా అన్నదే ముఖ్యం.

ప్రాణాంతకమైన ప్రయోగాలు

కొన్ని ప్రయోగాలు చిట్కాల పేరుతో కుక్కల ప్రాణాలను బలిగొనగలవు. పొగాకు పండే ఈ ప్రాంతంలో పొగాకు కషాయం సులభంగా తయారు చేయవచ్చును గాని, అందులోని నికోటిన్ కొద్ది మోతాదులోనే గుండెను, ఊపిరిని స్తంభింపజేస్తుంది. కిరసనాయిలు త్రాగించినచో అది ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా కలిగిస్తుంది. మిరపపొడి ప్రేగులను మండించడమే గాని నట్టలపై పనిచేయదు. పత్తి, మిరప పైర్లపై చల్లే పురుగుమందులను ఫ్లీ పురుగులు, గోమార్ల కోసం కుక్క ఒంటికి పూయడం అత్యంత ప్రమాదకరం. కుక్క ఒళ్లు నాకినప్పుడు విషం కడుపులోకి చేరుతుంది. ఆ కుక్కను తాకిన పిల్లలకూ హాని తప్పదు. ఖాళీ పురుగుమందు డబ్బాలలో కుక్కకు నీరు పోయరాదు.

గొర్రెలకు త్రాగించే నట్టల మందులో కొంత మిగిల్చి కుక్కకు పోయడం కూడా తగదు. గొర్రెలకు వాడే క్లోసాంటెల్ వంటి మందు మోతాదు మించినచో చూపు పోవచ్చును. ఐవర్‌మెక్టిన్ కోలీ వంటి జాతులకు, వాటి సంకర సంతతికి ప్రాణాంతకం. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవంలో భాగంగా పిల్లలకు ఇస్తున్న ఆల్బెండజోల్ మాత్రలు పిల్లల కోసమే ఉద్దేశించినవి. కుక్కలలో ఆ మందు ఎముక మజ్జను దెబ్బతీసిన సందర్భాలు పశువైద్య గ్రంథాలలో ఉన్నవి.

మందు ఎప్పుడు, ఎంత?

పిల్లలకు రెండు వారాల వయస్సులో మొదలుపెట్టి, రెండేసి వారాలకొకసారి ఎనిమిది వారాల వరకు, తరువాత ఆరు నెలల వయస్సు వరకు నెలకొకసారి, ఆపైన మూడు నెలలకొకసారి నట్టల మందు వేయించడం సాధారణంగా అనుసరించే క్రమం. పిల్లలతో పాటు పాలిచ్చే తల్లికి కూడా అదే సమయంలో వేయించాలి. హైడాటిడ్ వ్యాధి ఉన్న ప్రాంతాలలో కుక్కలకు ఏటా కనీసం నాలుగుసార్లు ప్రాజిక్వాంటెల్ ఇవ్వవలసినదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది.

ప్రాజిక్వాంటెల్ బద్దె పురుగులపై, పైరాంటెల్, ఫెబాంటెల్, ఫెన్‌బెండజోల్ వంటివి ఏలిక పాములు, కొంకి పురుగులపై పనిచేస్తాయి. పెద్ద కుక్కలకు ఇచ్చే మిశ్రమ మాత్రలు సాధారణంగా 10 కిలోల బరువుకు ఒకటి చొప్పున తయారు చేయబడి ఉంటాయి. కావున మందుకన్న ముందు బరువు తెలియాలి. ఇందుకు ప్రత్యేక సాధనం అవసరం లేదు. పత్తి బోరాలు, మిర్చి టిక్కీలు తూచే కాటా ప్రతి గ్రామంలోనూ ఉన్నది. యజమాని కుక్కను ఎత్తుకొని ఒకసారి, ఒంటరిగా మరొకసారి తూగి, రెండింటి తేడా చూసినచో బరువు తెలిసిపోతుంది. ఆ అంకెతో సమీప పశువైద్యశాలకు వెళ్లినచో సరైన మందు, మోతాదు వైద్యులు నిర్ణయిస్తారు. మూతపెట్టిన చిన్న డబ్బాలో తాజా మలం తీసుకువెళ్లినచో పరీక్ష కూడా చేయించుకోవచ్చును. చిగుళ్లు పాలిపోయినా, మలం నల్లగా లేదా రక్తంతో ఉన్నా, పిల్లలు పాలు మానినా చిట్కాల కోసం ఒక్క రోజు కూడా వృథా చేయరాదు.

నట్టల మందు పురుగును చంపుతుంది గాని గుడ్లను చంపదు. మందు వేసిన తరువాత రెండు మూడు రోజుల పాటు కుక్కను కట్టివేసి, మలాన్ని ఏ రోజుకారోజు లోతుగా పూడ్చివేయాలి.

ఇంటివారి చేతిలో ఉన్న అసలు వైద్యం

మందు ఒక్కరోజు పని. తిరిగి సోకకుండా చూడడం నిత్యం చేయవలసిన పని, అది పూర్తిగా ఇంటివారి చేతిలో ఉన్నది. ఖర్చు లేని ఈ జాగ్రత్తలే నిజమైన గృహవైద్యం.

- గొర్రె, మేక కార్జం, ఊపిరితిత్తులు, ప్రేగులు, తల పచ్చిగా కుక్కలకు వేయరాదు. వేయదలచినచో అరగంటకు తగ్గకుండా నీటిలో మరగనిచ్చి వేయాలి. నీటితిత్తులు కనిపించిన అవయవాలను కాల్చివేయాలి, లేదా కుక్కలు త్రవ్వలేనంత లోతుగా పూడ్చివేయాలి.
- వాకిలి, పెరడు, కళ్లాలలో కుక్క మలాన్ని ప్రతిరోజూ తీసి, బావులకు, కూరగాయల మడులకు దూరంగా గోతిలో పూడ్చాలి. పెంటపోగులో వేయరాదు.
- మిరప ఆరబోసిన కళ్లంలోకి, ధాన్యం నిల్వలపైకి కుక్కలు ఎక్కకుండా చూడాలి. కాపలా కుక్కను కళ్లం అంచున కట్టివేయడం మేలు.
- కుక్కను తాకిన తరువాత, మట్టిపని చేసిన తరువాత, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుగుకోవాలి. పిల్లల ముఖాన్ని కుక్క నాకకుండా చూడాలి.
- ఆకుకూరలు, పచ్చిగా తినే కూరగాయలను ధారగా పోసిన నీటిలో పలుమార్లు కడగాలి.
- తడి నేలల్లో చెప్పులు లేకుండా నడవరాదు.
- ఫ్లీ పురుగుల నివారణకు కుక్క పడుకునే గోనెపట్టాలను వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి. పైపూత మందులు పశువైద్యుని సలహాపై వాడాలి.

ఇతర దేశాల అనుభవం

ఇవి చిన్న విషయాలుగా కనిపించవచ్చును. ఐతే ఒక దేశాన్నే వ్యాధి నుంచి విముక్తం చేసినవి ఈ చిన్న విషయాలే. 19వ శతాబ్దిలో ఐస్‌లాండ్ ప్రజలను హైడాటిడ్ వ్యాధి తీవ్రంగా పీడించినది. డెన్మార్కుకు చెందిన హెరాల్డ్ క్రాబె 1863లో అక్కడికి వెళ్లి, కుక్కకు, గొర్రెకు, మనిషికి మధ్య ఉన్న లంకెను పరిశీలించి, ఆ విషయాన్ని సామాన్యులకు అర్థమయ్యే చిన్న పుస్తకంగా వ్రాసినారు. గొర్రెల తిత్తులను కుక్కలకు అందనీయకుండా నాశనం చేయవలెనని, కుక్కలకు మందు వేయవలెనని ఆ శతాబ్దిలోనే చట్టాలు వచ్చినవి. నాడు నేటి మాత్రలు లేవు. ప్రజలకు విషయం తెలియడం, తెలిసిన దానిని పాటించడం ద్వారానే ఆ దీవిలో వ్యాధి క్షీణించి, 20వ శతాబ్దిలో అంతరించినది. న్యూజిలాండ్ 1959లో ప్రత్యేక చట్టం తెచ్చి, దశాబ్దాల కృషి తరువాత 2002లో తాత్కాలిక ప్రాతిపదికపై వ్యాధిరహితమైనట్లు ప్రకటించుకున్నది.

అధికారులు, పాత్రికేయుల పాత్ర

మన గ్రామాలలో గొర్రెలు, మేకలకు సామూహికంగా నట్టల మందు త్రాగించడం చిరకాలంగా జరుగుతున్నది. ఆ మందు గొర్రె ప్రేగులోని పురుగులకే గాని కార్జంలోని నీటితిత్తులకు పనిచేయదు. మంద వెంట ఉండే కుక్కను వదలివేసినంత కాలం తిత్తుల వలయం తెగదు. జీవాలకు మందు త్రాగించే రోజునే కాపరుల కుక్కలకు కూడా బరువు చూసి మాత్ర వేసినట్లయితే అదనపు శ్రమ లేకుండానే పెద్ద ప్రయోజనం చేకూరుతుంది.

గ్రామ పంచాయతీలు, పురపాలక సంఘాలు ఆదివారం మాంసం కొట్ల వద్ద వ్యర్థాలకు మూత గల గోతులు ఏర్పాటు చేయించి, కుక్కలకు అందకుండా చూడవలసి ఉన్నది. వీధి కుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్స, రేబిస్ టీకాతో పాటు నట్టల మందు కూడా వేయవలెనని సర్వోన్నత న్యాయస్థానం 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులలో పేర్కొన్నది. కుక్క చేతికి చిక్కిన ఆ ఒక్క రోజున వేసే మాత్ర ఊరి పిల్లలకు రక్షణగా నిలుస్తుంది.

పాత్రికేయ మిత్రులు చిట్కాల శీర్షికలలో ఇటువంటి అంశాలు ప్రచురించే ముందు మూడు ప్రశ్నలు వేసుకొనుట మంచిది. ఈ చిట్కా ఏ రకం నట్టకు? ఎంత బరువు గల కుక్కకు ఎంత మోతాదు? ఏ కుక్కకు ఇవ్వరాదు? ఈ మూడింటికి సమాధానం లేని చిట్కాను ప్రచురించకపోవడమే పాఠకులకు మేలు. దానికి బదులు పచ్చి కార్జం కుక్కకు వేయవద్దన్న ఒక్క వాక్యం ప్రచురించినను ఏదో ఒక ఇంటిలో ఒకరిని శస్త్రచికిత్స నుంచి తప్పించగలదు.

కుక్క రాత్రంతా మేల్కొని మన పంటను కాస్తుంది. దానికి మూడు నెలలకొక మాత్ర వేయించి, వాకిలిని శుభ్రంగా ఉంచుకొని, పచ్చి వ్యర్థాలను దానికి అందనీయకుండా చూసినట్లయితే కుక్కతో పాటు మంద, కుటుంబం కూడా ఆరోగ్యంగా ఉంటాయి. ఈ సందేశాన్ని ప్రతి గ్రామానికీ చేరవేయవలసిన బాధ్యత మనందరిపైన ఉన్నది.